కాగితం లేని చెయ్యి

మొన్న ఆదివారం ఒక కవి సమ్మేళనంలో ఇరవై మందిమి చదివాం. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒకాయన చదువుతుండగా కాల్ వచ్చి కవిత కాస్తా తెర మీంచి మాయమైంది. కట్ చేసి, ‘ఎందాకా వచ్చాను?’ అని ముందు వరసను అడిగాడు. వాళ్లకేం తెలుసు? ఎవరి వంతు కోసం వాళ్లు ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు.

ఇంటికొచ్చి బ్రిటిష్ కవి బెంజమిన్ జెఫనయా వీడియోలు పెట్టుకున్నాను. చేతిలో కాగితం ముక్క ఉండదు. జడలు కట్టిన జుట్టు ఊగుతుంటే, జమైకా రెగే దరువు వెనక వాద్యాల్లేకుండానే మాటలో వినిపిస్తుంది. డబ్ పొయెట్రీ అంటారు దాన్ని.

బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్ వాడు. తల్లి జమైకా నుంచి వచ్చిన నర్సు. పదమూడేళ్లకే బడి మానేశాడు, చదవడం రాయడం సరిగ్గా రాకుండానే. తనది డిస్లెక్సియా అని పెద్దయ్యాక వయోజన విద్య తరగతిలో గానీ తెలియలేదు. మధ్యలో దొంగతనం కేసులో జైలు కూడా చూశాడు. అయితే చదువు రాకముందే పేటలో కవిగా పేరొచ్చింది. చిన్న వయసులోనే చర్చిలో మొదలైన గొంతు అది. తొలి పుస్తకం ‘పెన్ రిథమ్’ 1980లో, లండన్ చేరాక వచ్చింది. అచ్చు ఆయన వెనకాల నడిచింది.

పుస్తకం ముట్టని వాళ్ల దగ్గరికి కవిత్వం తీసుకెళ్లడమే తన పని అనుకున్నాడు. ధర్నాల్లో చెప్పాడు, టీవీలో చెప్పాడు, పిల్లల కోసం ‘టాకింగ్ టర్కీస్’ (1994) రాశాడు. 2003లో బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ (ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్) బిరుదు ఇస్తానంటే, అందులోని ‘ఎంపైర్’ అన్న మాట బానిసత్వాన్ని గుర్తుచేస్తోందని వద్దన్నాడు. తర్వాత బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. బడి మానేసినవాడు!

2023 ఆగస్టులో మన ప్రజాగాయకుడు గద్దర్, డిసెంబరులో జెఫనయా వెళ్లిపోయారు. ‘వేదిక మీద బాగానే ఉంటుంది, అచ్చులో చూస్తే ఏముంది?’ అనే పెదవి విరుపు ఇద్దరికీ తప్పలేదు. నాకైతే ఆ ప్రశ్న తిరగేసి అడగాలనిపిస్తుంది. అచ్చులో బాగానే ఉంది సరే, నోట్లో నిలుస్తుందా?

అడిగి ఊరుకోలేక నా మీదే ప్రయోగం మొదలుపెట్టాను. సమ్మేళనంలో చప్పట్లు పడిన నా కవితనే వారం నుంచి కంఠతా పడుతున్నాను. ఎనిమిదో పాదం దగ్గరికి రాగానే ప్రతిసారీ ఆగిపోతోంది. వంటింట్లోంచి మా ఆవిడ తొమ్మిదోది అందిస్తోంది. వినీ వినీ ఆమెకు వచ్చేసింది, ఎనిమిదోది తప్ప.

నిన్న ఆ పాదం కొట్టేశాను.