నాలుగు రోజులు కొండల్లో నడుద్దామా!

పూర్వం కాశీకి నడిచి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయలుదేరి, చీకటి పడేసరికి ఏ సత్రానికో చేరి, అక్కడ నడుం వాల్చి, మర్నాడు మళ్ళీ నడక మొదలుపెట్టేవాళ్ళు. అవే మజిలీలు. ఇప్పుడు మన పిల్లలు హిమాలయాల్లో ట్రెక్కింగ్ అని చెప్పుకునేదాంట్లో ఒక రకం అచ్చం ఇలాంటిదే. డేరా మోయక్కర్లేదు, పొయ్యి రాజేయక్కర్లేదు. ఒక బస నుంచి ఇంకో బసకి నడవడమే మన పని. అన్నం, పప్పు వేడివేడిగా వేరెవరో వండి పెడతారు. నాలుగు రోజులు వంటింటి మొహం చూడక్కర్లేదంటే ఎవరికి చేదు చెప్పండి?

ఇలాంటి దారుల్లో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి బాగా నప్పేది డార్జిలింగ్ దగ్గరి సందక్‌ఫూ. పశ్చిమ బెంగాల్లో అన్నిటికంటే ఎత్తయిన చోటు, 11,929 అడుగులు. దారి నేపాల్ సరిహద్దు వెంబడే పోతుంది. ఓ పూట అటు, ఓ పూట ఇటు! అందుకని గుర్తింపు కార్డు దగ్గరుండి తీరాలి. అక్కడినుంచి చూస్తే కాంచనగంగ వరస అంతా పడుకున్న బుద్ధుడిలా కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ బుద్ధుడి తల దగ్గరున్న శిఖరం పేరు కుంభకర్ణ. ఆకాశం తేటగా ఉంటే ఎడమపక్క దూరంగా ఎవరెస్టు కూడా.

మన విశాఖ మీదుగా గువాహటి వైపు పోయే రైళ్ళు న్యూ జల్పాయిగురిలో ఆగుతాయి. అక్కడినుంచి జీపులో డార్జిలింగ్ చేరి ఒక రాత్రి ఉండండి. మర్నాడు మానేభంజంగ్ అనే ఊళ్ళో నడక మొదలు. గైడు తప్పనిసరి, అక్కడే దొరుకుతారు. మొదటి రాత్రి తుమ్లింగ్, రెండో రాత్రి కాలీపోఖ్రి (నల్ల చెరువు అని అర్థం, చెరువు నిజంగానే ఉంది), మూడో రాత్రి సందక్‌ఫూ. మొత్తం సుమారు 31 కిలోమీటర్ల ఎక్కుడు. నాలుగో రోజు శ్రీఖోలాకి దిగుడు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా వానలకి సింగలీలా అడవిని మూసేస్తారు. కొండలు చూడాలంటే అక్టోబరు, నవంబరు. రోడోడెండ్రాన్ పూలు చూడాలంటే ఏప్రిల్. బసలు ముందే మాట్లాడుకోండి. చేతిలో నగదు ఉంచుకోండి.

ఇంతవరకూ ఏ టూరిస్టు పుస్తకమైనా చెబుతుంది. అసలు సంగతి ఇప్పుడు వినండి.

సందక్‌ఫూకి జీపు కూడా పోతుంది. "హాయిగా జీపెక్కి పొద్దున వెళ్తే సాయంత్రానికి పైన ఉంటాం, ఈ నడకంతా ఎందుకు?" అంటారు మీ వారు. ఒప్పుకోకండి. మానేభంజంగ్ సుమారు 7,000 అడుగులు. అక్కడినుంచి ఒక్కపూటలో దాదాపు 12,000 అడుగులకి పోతే, పల్చని గాలికి అలవాటు పడే వ్యవధి ఒంటికి ఉండదు. నడిచి వెళ్తే మొదటి రాత్రి దాదాపు 9,700 అడుగుల దగ్గర, రెండో రాత్రి 10,400 దగ్గర పడుకుంటాం. 10,000 అడుగులు దాటాక, నిద్రపోయే చోటు రోజుకి 1,600 అడుగులకి మించి పెంచకూడదని డాక్టర్ల లెక్క. ఈ మజిలీలు ఆ లెక్కలోనే ఉన్నాయి. అంటే జీపుకంటే నడకే క్షేమం అన్నమాట!

అయినా కొందరికి ఒళ్ళు మొరాయిస్తుంది. తలనొప్పి, కడుపులో వికారం, అన్నం సయించకపోవడం, కళ్ళు తిరగడం... ఇక్కడే మన ఆడవాళ్ళతో పేచీ. ఇంట్లో జ్వరం వచ్చినా "ఏం లేదులే" అని దోసెలు పోసే అలవాటు కదా మనకి! అందరూ సరదాగా ఉన్నారు, నా మూలంగా ప్రయాణం పాడవడం ఎందుకని నోరు మూసుకుంటాం. కింద అది ఓర్పు అనిపించుకుంటుందేమో, కొండమీద మాత్రం ప్రాణానికి ముప్పు. తలనొప్పి మొదలవగానే పక్కవాళ్ళకీ గైడుకీ చెప్పెయ్యండి. ఆ రోజు ఇంకా పైకి పోవద్దు. తగ్గకపోతే కిందికి దిగడమే. నడుస్తుంటే తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తికమకగా వస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే దింపాలి. నిద్రమాత్రలు వేసుకోవద్దు. బయలుదేరే ముందే జట్టులో అందరూ కూర్చుని, "ఎవరికి బాగోలేకపోయినా దిగిపోదాం, ఎవరూ సణగకూడదు" అని మాట అనేసుకోండి. అప్పుడు చెప్పడానికి నోరొస్తుంది.

ఇంకో అలవాటు కూడా ఉంది మనకి. బాత్రూము ఎక్కడుంటుందోనని ప్రయాణంలో నీళ్ళు తాగం! అక్కడ ఆ పని చేస్తే నీరసం, తలనొప్పి మరీ ఎక్కువవుతాయి. దారిలో చెట్టుచాటే గతి. నలుగురు కలిసి వెళ్తే ఒకరికొకరు కాపలా. నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకోండి, వాడినవి కాగితంలో చుట్టి కిందికి తెచ్చెయ్యండి. వాయిదా మాత్రలు డాక్టర్ని అడగకుండా మింగొద్దు. ఎలాగూ వెళ్తారు కనుక హిమోగ్లోబిన్, బీపీ చూపించుకోండి. ఎత్తుకి ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలున్నాయి, సల్ఫా పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

ఇక మూట. వీపున ఆరేడు కిలోలు మించకూడదు, అందులో లీటరు నీళ్ళే ఒక కిలో! బసలో రజాయిలు ఇస్తారు కనుక దుప్పట్లు వద్దు. చీరలు అసలే వద్దు. నూలుబట్ట తడిస్తే ఆరదు, చలి పట్టుకుంటుంది. త్వరగా ఆరే సల్వారు, పైన ఉన్ని స్వెట్టరు, ఆపైన వాన ఆగే కోటు చాలు. స్నానం నాలుగు రోజులు మరిచిపోండి. బకెట్ వేడినీళ్ళు డబ్బిస్తే దొరుకుతాయి గానీ, ఆ చలిలో మీకే బుద్ధి పుట్టదు.

తిండి బస్తాలు మోయకండి. నూడుల్సు, గుడ్లు, మోమోలు, అన్నం, పప్పు అక్కడే దొరుకుతాయి. ఆ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి కుక్కరు లేనిదే పప్పు ఉడకదు. వాళ్ళ పప్పు పల్చగా, చప్పగా ఉందని మొహం మాడ్చుకోక, ఒక చిన్న పొట్లం కందిపొడి పట్టుకెళ్ళండి. కప్పు కందిపప్పు, పావుకప్పు చొప్పున శనగపప్పు, పెసరపప్పు విడివిడిగా దోరగా వేయించి, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి పొడి కొట్టండి. వెల్లుల్లి, కొబ్బరి వద్దు, నిలవుండదు. చిన్న సీసాలో నెయ్యి. చలికి గడ్డకట్టి ఒలకదు కూడా! జేబులో రోజుకి రెండు నువ్వులుండలు. ఆవకాయ జాడీ మాత్రం ఇంట్లోనే ఉంచండి, నూనె బట్టలకెక్కిందంటే అక్కడ ఉతుక్కునే దారి లేదు.

రెండు నెలల ముందునుంచే మెట్లెక్కడం మొదలుపెట్టండి. దగ్గర్లో ఉన్నవాళ్ళకి అలిపిరి 3,550 మెట్లకి మించిన పరీక్ష లేదు. వీపున మూటతో ఎక్కి చూడండి. కొత్త బూట్లు నెలరోజులు బజారుకి వేసుకు తిరగాలి, కొండమీద మొదటిసారి తొడిగితే మడమలు బొబ్బలే. చివరి రోజు దిగుడు ఎక్కుడుకంటే కష్టం. ఒక్కరోజులో నాలుగైదు వేల అడుగులు దిగాలి, మోకాళ్ళు పట్టేస్తాయి. చేతికర్ర తీసుకోండి, కాలిగోళ్ళు ముందే కత్తిరించుకోండి.

కొండమీద ఫోన్లు అన్నిచోట్లా పలకవు. ఏ రాత్రి ఏ ఊళ్ళో ఉంటారో, గైడు పేరేమిటో, శ్రీఖోలాకి ఏ రోజు దిగుతారో ఒక కాగితంమీద రాసి ఫ్రిజ్జు తలుపుకి అంటించి వెళ్ళండి. పనిలో పనిగా గ్యాసు బుక్ చేసే నంబరు, పాలవాడి లెక్క కూడా దానికిందే రాసేయండి.