తాతలు ఉక్కుముక్కలే, మరి పోయినవాళ్ళో?

మొన్న దసరాకి మల్దకల్ వెళ్ళినప్పుడు ఒక విషయం విని ఒళ్ళు మండింది. మా దూరపు బంధువు ఒకాయన, నాలాగే హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదేళ్ళ కొడుక్కి బడిలో వేస్తామన్న టీడీ సూది వద్దని చీటీ రాసి పంపాడట. కారణం? "మన తాతలకి ఎవరేశారు ఈ టీకాలు? ఉక్కుముక్కల్లా లేరూ!"

పక్కనే కూర్చున్న మా అవ్వ మెల్లగా అంది: "మీ నాయన కన్నా ముందు ఇంకొకడు పుట్టిండె. కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దిరి. వారానికి పాలు తాగుడు బంద్ చేసిండు, విల్లు లెక్క వంగిండు. గాలి సోకిందనుకుంటిమి."

బాబూ, బతికినవాళ్ళే తాతలయ్యారు. పోయినవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి రారు.

అది గాలి కాదు. నాడీకణం చివర చిన్న చిన్న సంచుల్లో రసాయన సందేశాలుంటాయి. సంచి మీద సినాప్టోబ్రెవిన్, కణం గోడ దగ్గర సింటాక్సిన్, స్నాప్-25 అనే ప్రోటీన్లు. ఈ మూడూ జడలా పెనవేసుకుంటేనే సంచి గోడకి అతుక్కుని తెరుచుకుంటుంది. కాల్షియం లోపలికి రాగానే "ఇక వదులు" అని చెప్పేది సినాప్టోటాగ్మిన్. అంతా మిల్లీసెకను లోపలే! ఈ యంత్రాంగాన్ని విప్పి చెప్పినందుకే రోత్‌మన్, షెక్‌మన్, జ్యుడాఫ్‌లకి 2013లో నోబెల్ ఇచ్చారు.

ధనుర్వాతం విషం చేసేది ఒకటే పని, సినాప్టోబ్రెవిన్‌ని కత్తిరించడం. ఇది 1992లో తేలింది. అది కూడా వెన్నుపాములో, కండరాలకి "ఆగు" అనే సందేశం పంపే కణాల్లో. ఆ "ఆగు" అందకపోతే కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. దవడ పట్టేస్తుంది, వెన్ను ధనుస్సులా వంగుతుంది. విషం ఒకసారి కణంలోకి దూరాక ఏ విరుగుడూ దాన్ని అక్కడ పట్టుకోలేదు. ముందే అడ్డుకోవాలి, అంతే.

తమాషా ఏంటంటే, ఈ విషానికి దగ్గరి చుట్టమే బొటాక్స్. అది స్నాప్-25ని కోస్తుంది. ముడతలు పోవాలని దాన్ని డబ్బులిచ్చి మరీ పొడిపించుకుంటారు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకా మాత్రం "కెమికల్" అట!

"ఇప్పుడు ఆ జబ్బు ఎక్కడుంది?" అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డల ధనుర్వాతం నిర్మూలన 2003లోనే ధృవీకరణ అయింది, దేశమంతటా 2015లో. నిజమే. కానీ ఆ నిర్మూలన అంటే ప్రతి జిల్లాలో వెయ్యి కాన్పులకి ఒక కేసు కూడా మించకపోవడం. క్రిమి పోలేదు, మట్టిలో, పేడలో అలాగే ఉంది. కేసులు తగ్గింది ఆ సూదుల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల.

ఇంకోటి. పోలియో అయితే పక్కింటి పిల్లలు వేయించుకున్నా మీవాడికి కొంత రక్షణ. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటదు. ఊరంతా వేయించుకున్నా, మీవాడి కాలికి మేకు దిగితే మీవాడు ఒంటరివాడే. ఒకసారి వచ్చి తగ్గినా రక్షణ రాదు.

అన్నట్టు, నేనే చివరిసారి ఎప్పుడు వేయించుకున్నానో గుర్తులేదు. ఈ వారమే ఆ పని పూర్తి చేస్తా.

అన్నా, నువ్వు ఇంకో చీటీ రాసి పంపు. ఈసారి "వేయండి" అని.