లోయకు ఒక్క ఉష్ణోగ్రత చాలదు

శీతాకాలం రాగానే అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతాల కనిష్ఠ ఉష్ణోగ్రతలు పత్రికలలో ప్రముఖంగా వెలువడతాయి. పర్యాటకునికి ఆ అంకె చాలు, రైతుకు చాలదు.

డిసెంబరు, జనవరి నెలలలో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించిన రాత్రులలో నేల తన వేడిని వేగంగా కోల్పోతుంది. నేలను ఆనుకొన్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయ అడుగున నిలుస్తుంది. అందువలన తెల్లవారుజామున లోయలోని మడి కన్న దానికి పైనున్న కొండవాలు వెచ్చగా ఉండవచ్చు. పైగా వాతావరణ కేంద్రంలోని ఉష్ణమాపకం నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున పెట్టెలో ఉంటుంది. అటువంటి రాత్రులలో ఆరుబయటి ఆకు అంతకంటె ఎక్కువగా చల్లబడుతుంది.

ఈ తేడా పంటకు కీలకం. మంచు గడ్డకట్టే చలిని రాజ్‌మా తట్టుకోలేదు. కాఫీ పండ్ల కోత, ఎండబెట్టడం కూడ ఈ కాలంలోనే సాగుతాయి. పొగమంచు ఆలస్యంగా వీడితే గింజ సకాలంలో ఆరక బూజు పట్టే ప్రమాదముంది.

కనుక మండలమంతటికీ ఒకే సలహా సరిపోదు. లోయ అడుగున, నడివాలున, పైవాలున కనిష్ఠ ఉష్ణమాపకాలను అమర్చి, గిరిజన రైతులకే శిక్షణనిచ్చి నమోదు బాధ్యతను అప్పగించాలి. ఇందుకు అయ్యే వ్యయం స్వల్పం. కొన్ని శీతాకాలాల నమోదులు చేతికందితే, ఏ ఎత్తున ఏ పంటను ఎప్పుడు విత్తాలో పరిశోధన కేంద్రాలు నిర్దిష్టంగా సూచించగలవు.