9363584 ఎవరి అదద్?

93,63,584. చూస్తే కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరులా ఉంటుంది. కానీ ఈ అదద్‌కి ఒక దోస్తు ఉంది: 94,37,056. మొదటిదాని భాజకాలన్నీ, దాన్ని వదిలేసి, జమా చేస్తే రెండోది వస్తుంది. రెండోదానికీ అలాగే చేస్తే మళ్లీ మొదటిదే. తెలుగులో స్నేహ సంఖ్యలంటాం. అరబీలో 'ముతహాబ్బా', అంటే ఒకదాన్నొకటి ప్రేమించుకునేవి. అరబీ పేరే బాగుందంటే తరఫ్‌దారీ అనుకోకండి.

వీటిలో చిన్న జోడీ 220, 284. మొహబ్బత్ తావీజుల్లో వీటిని వాడేవారని ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో రాశాడు. తావీజుల సంగతి వదిలేద్దాం, అసలు ఇల్మ్ 9వ శతాబ్దపు బగ్దాద్‌లో ఉంది. అక్కడ సాబిత్ ఇబ్న్ ఖుర్రా ఒక ఖాయిదా కనిపెట్టాడు. 3ని రెట్టింపు చేస్తూ పోండి: 6, 12, 24, 48, 96, 192, 384. పక్కపక్కనున్న రెండు తీసుకోండి, 192, 384 అనుకుందాం. ఒక్కోదాంట్లో ఒకటి తగ్గిస్తే 191, 383. ఆ రెంటినీ, అంటే 192ని 384తో జర్బ్ చేసి ఒకటి తగ్గిస్తే 73727. ఈ మూడూ ప్రధాన సంఖ్యలైతే పని అయినట్టే. 384ని 3తో తఖ్సీమ్ చేస్తే 128. 128×191×383 ఒక దోస్తు, 128×73727 ఇంకో దోస్తు. 6, 12తో చేసి చూడండి, 220, 284 వస్తాయి.

ఈ పెద్ద జోడీని యూరప్ కితాబులు దెకార్త్ పేర, 1638 నాటిదిగా రాసుకున్నాయి. ఇరాన్‌లో ముహమ్మద్ బాఖిర్ యజ్దీ అంతకుముందే దీన్ని చేరుకున్నాడు. 17296 జోడీకి 1636లో ఫెర్మా పేరు పడింది. కమాలుద్దీన్ ఫారిసీ మూడు శతాబ్దాల ముందే దాన్ని లెక్కగట్టాడు. దెకార్త్‌ను చోర్ అనడం నాఇన్సాఫీ, ఆయన మెహనత్ ఆయనదే. కానీ ముందు చేరినవాడి నాం ముందు రాయాలి, అది హక్.

ఇక మనవాళ్ల ఫార్వర్డ్‌లు. "సైన్సంతా మన ఖౌమ్‌దే" అని జుమ్మాకొకటి వస్తుంది. సాబిత్ అసలు ముసల్మాన్ కాదు. హర్రాన్ నుంచి వచ్చిన సాబియన్, ఇంట్లో సురియానీ, కితాబుల్లో అరబీ. ఖలీఫా ముతజిద్ దర్బారులో ఆయనకు ఇజ్జత్ దక్కింది. నాకు ఫఖర్ అనిపించేది ఆ దర్బారును చూసి. సాబిత్‌ను కలిమా చదివించి మనలో కలుపుకుంటే ఆ ఫఖర్ కూడా పోతుంది. పైగా ఆ ఫార్వర్డ్ పంపినవాళ్లలో సాబిత్ ఏం కనిపెట్టాడో చెప్పగలిగినవాళ్లు నాకింకా తగల్లేదు. ఉర్దూ మీడియంలో జమా, తఫ్రీఖ్ అదే జబాన్‌లో నేర్చుకున్న మాకూ పదో తరగతిదాకా ఆ పేరు ఎవరూ చెప్పలేదనుకోండి.

ఈసారి అలాంటిదొకటి వస్తే, భాయ్, 17296 దోస్తు ఎవరు అని అడగండి. 24, 48 దగ్గర మొదలెడితే ఐదు నిమిషాల పని.