ఆమ్లవర్షము – మన యెఱ్ఱనేలలు



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో వాన యనగానే అది వచ్చునా రాదా యనునదే మన చింత. వచ్చిన వాన యెట్టిదో విచారించువారు తక్కువ. వానకును గుణదోషములు గలవని మనవి చేయుచున్నాము.

స్వచ్ఛమైన వాననీటియందు సయితము స్వల్పముగ పులుపు గలదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు అందు కరగుటయే యిందులకు కారణము. పీహెచ్ అను కొలతలో 7 సమస్థితి. అంకె తగ్గినకొలది పులుపు హెచ్చును. సామాన్యవర్షము సుమారు 5.6 వద్ద నుండును. బొగ్గు, చమురు కాలినప్పుడు వెలువడు గంధక, నత్రజని వాయువులు మేఘములలో ఆమ్లములుగా మాఱినచో ఆ యంకె యింకను దిగును. అదియే ఆమ్లవర్షము. రాబర్ట్ ఆంగస్ స్మిత్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1872 నాటి తన గ్రంథమున ఈ పేరు వాడెను. తరువాతి శతాబ్దమున బ్రిటను మొదలగు దేశముల పొగ సముద్రము దాటి నార్వే, స్వీడను సరస్సులలోని చేపలను నశింపజేసినది. పొగకు పొలిమేర లేదు.

మన దేశమున నేలనుండి లేచు సున్నపు ధూళి వానలోని పులుపును చాలవఱకు విఱుచుచున్నది. ఇది మన యదృష్టము. కాని మన యెఱ్ఱనేలలలో సున్నపుపాలు తక్కువ. నల్లరేగడి యోర్చినంత పులుపు నివి యోర్వజాలవు. పులుపు చేరినచో కాల్షియము, మెగ్నీషియము కొట్టుకొనిపోవును. అల్యూమినియము కరగి వేళ్ల పెరుగుదల నడ్డగించును. వేరుసెనగ వేళ్ల బుడిపెలలో నత్రజని గూర్చు సూక్ష్మజీవులు క్షీణించును. యూరియా, అమ్మోనియం సల్ఫేటులను ఏండ్ల తరబడి మితిమీఱి వేసినను ఇదే ఫలము. ఆకాశము చేయు కీడును ఎరువుసంచియు చేయగలదు.

బొగ్గు విద్యుత్కేంద్రముల గంధకవాయువునకు కేంద్రప్రభుత్వము 2015 డిసెంబరులో హద్దు విధించెను. 2025 జులైలో వానిలో అధికభాగమునకు ఆ హద్దు సడలించెను. మన బొగ్గున గంధకము తక్కువయనియు, వడకట్టు యంత్రముల వ్యయము మిక్కుటమనియు వారి వాదము. గంధకము తక్కువ యనుట నిజమే. కాని 2024-25లో దేశమున త్రవ్విన బొగ్గు 100 కోట్ల టన్నులు దాటినది. చిటికెడు చొప్పున చేరినను రాశి కొండయగును. రాజధాని ప్రాంతమునకును, పది లక్షల జనాభా గల నగరములకును 10 కిలోమీటర్లలోపు నున్న కేంద్రములకు మాత్రము నిబంధన తప్పక నిలిచినది. నగరవాసి యూపిరికి గల విలువ పల్లెనేలకు లేదా యని మేమడుగుచున్నాము.

నేల చెడిన పిమ్మట బాగుచేయుట కంటె ముందుగ కొలుచుట చవుక. కావున ప్రతి సభ్యుడును భూసార పరీక్ష చేయించి పీహెచ్ అంకెను సంఘమున నమోదు చేయింపవలయును. పులుపు తేలినచో పరీక్ష చెప్పినంత మేరకే సున్నపురాతిపొడి వేయవలయును. జిప్సము వేరుసెనగకు కాల్షియమును, గంధకమును ఇచ్చును గాని పులుపును విఱువదు. ఈ భేదమును మఱువరాదు. వర్షకాలమున ఈ మూడు పట్టణములందును వాననీటిని పరీక్షించి ఫలితములను రైతులకు తెలుపుమని సంఘములు తీర్మానించి ప్రభుత్వమునకు పంపవలయును.

ఒక్క రైతు మొఱ గాలిలో కలియును. సంఘము వ్రాసిన తీర్మానము కాగితమున నిలుచును. నేల మనది, దాని లెక్కయు మనమే వ్రాసికొందము.