కలకత్తా కప్పు చెప్పు పాఠము

2025 జూన్ నెలలో ముంబయి నగరమున, అంధేరీ క్రీడాప్రాంగణములో, రగ్బీ ప్రీమియర్ లీగ్ అను పోటీ తొలిసారిగా జరిగినది. ఆరు జట్లు పాల్గొన్నవి. అంతిమమున చెన్నై జట్టు ఢిల్లీ జట్టును 41–0గా ఓడించినది. ఆ ఆరింటిలో ఒకదాని పేరు హైదరాబాద్ హీరోస్. క్రికెట్టు, కబడ్డీల వెనుక రగ్బీ కూడ మన నగరముల పేర్లు ధరించి రంగస్థలమునకు వచ్చినది. సంతోషింపవలసిన విషయమే. కాని ఆ జట్టు పేరు విన్న బాలుడొకడు తన ఉపాధ్యాయుని సమీపించి, "అయ్యా, ఈ ఆట నేనెక్కడ నేర్చుకొందును?" అని అడిగినచో మనలో ఎందరము సమాధానము చెప్పగలము?

ధనమున్నచో జట్టును కొలది దినములలో కూర్చవచ్చును. క్లబ్బును అట్లు కూర్చుటకు వీలులేదు. సాయంకాలము పని ముగించుకొని వచ్చి, జీతము కొఱకు గాక ఆట కొఱకే ఆడువారి సంఘము క్లబ్బు. అది దేనివలన నిలుచును, దేనివలన కూలును అను విషయమును తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. కలకత్తా చరిత్రయే చాలును.

ఈ ఆట ఇంగ్లండులోని రగ్బీ పట్టణపు పాఠశాలలో రూపుదిద్దుకొన్నది. 1823లో విలియమ్ వెబ్ ఎల్లిస్ అను విద్యార్థి బంతిని చేతబట్టి పరుగెత్తెనను కథకు గట్టి ఆధారములు లేవు. అయినను ప్రపంచ కప్పుకు అతని పేరే పెట్టిరి. 1871లో లండనులో రగ్బీ సమాఖ్య ఏర్పడినది. మరుసటి యేడు, 1872 క్రిస్మసు నాడు, కలకత్తాలో ఇంగ్లండు వారొక పక్షముగను, స్కాట్లండు, ఐర్లండు, వేల్సుల వారు కలిసి వేఱొక పక్షముగను ఈ ఆట ఆడిరి. పక్షమునకు ఇరువదిమంది, ఆ కాలపు పరిపాటి అది. వారము దినములకు మరల ఆడిరి. ఆ ఉత్సాహముతోనే 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బును స్థాపించిరి. పేరు ఫుట్‌బాల్ అయినను ఆడినది రగ్బీయే. 1874లో ఆ క్లబ్బు లండను సమాఖ్యలో సభ్యత్వము పొందినది.

తొలి సంవత్సరము క్లబ్బు వర్ధిల్లినది. తరువాత, ఉచితముగా ఇచ్చుచుండిన మద్యము నిలిపివేయగనే సభ్యుల సంఖ్య తగ్గినదని చెప్పుదురు. అదియొక్కటియే కారణము కాదు. బంగాళపు ఎండకు, ఉక్కకు రగ్బీ కంటె టెన్నిసు, పోలో అనుకూలముగా తోచినవి. పటాలములు ఒకచోట నిలిచి యుండునవి కావు. బదిలీ అయిన దొరతోపాటు ఆటగాడును పోయెను. తుదకు మిగిలిన కొలదిమంది క్లబ్బును మూసివేయ నిశ్చయించిరి. పేరైనను నిలువవలెనని కార్యదర్శి రోత్నీ లండను సమాఖ్యకు వ్రాసెను. బ్యాంకులోని సొమ్మును వెండి రూపాయలుగా తీసికొనిరి. ఆ 270 రూపాయలను కరగించి కప్పు చేయించి, 1878లో సమాఖ్యకు బహూకరించిరి.

ఆ కప్పు సుమారు 18 అంగుళముల ఎత్తు. మూడు నాగుపాములు దాని పిడులు. మూతపై ఏనుగు బొమ్మ. 1879 మార్చి 10న ఎడింబరోలో ఇంగ్లండు, స్కాట్లండు జట్లు దీనికై తొలిసారి తలపడగా ఆట సరిసమానముగా ముగిసినది. నేటికిని ఏటేట ఆ రెండు దేశములకు జరుగు ఆటలో గెలిచినవారికి దక్కునది ఈ కలకత్తా కప్పే. మూతపడిన క్లబ్బునకు ఇంతటి స్మారకచిహ్నము లభించుట అరుదు.

కాని ఇచట ఒక ప్రశ్న అడుగక తప్పదు. బ్యాంకులో సొమ్ముండగా క్లబ్బు ఏల మూతపడినది? సొమ్ము కొరవడి కాదు, మనుష్యులు కొరవడి. కలకత్తా మహానగరములో మనుష్యులు కొరవడిరా? క్లబ్బు తలుపు తీసినది సముద్రము దాటి వచ్చినవారికి మాత్రమే. వారు వచ్చుచు పోవుచుండువారు. ఆ మైదానము ప్రక్కనే పుట్టి పెరిగిన పిల్లలు దానిని తమదిగా భావింపగల అవకాశమే లేకపోయినది.

ఇందులోని వైపరీత్యము రగ్బీ జట్టు కూర్పును గమనించినచో మఱింత స్పష్టమగును. పక్షమునకు పదునైదుగురు; ముందు ఎనమండ్రు, వెనుక ఏడుగురు. చెడుగుడు ఎఱిగిన మన పిల్లలకు పట్టు అనగా ఏమో తెలియును. ఇందు ఎనమండ్రు ఎనమండ్రతో భుజము భుజము ఆనించి త్రోసికొందురు. ఆ వరుసలో ముందు నిలుచుటకు బలిష్ఠులు కావలెను. గాలిలో బంతి నందుకొనుటకు పొడవరులు కావలెను. ఆ గుంపునుండి బంతిని తీసి వెనుకకు అందించుటకు పొట్టివాడైనను చుఱుకైనవాడు చాలును. అంచున పరుగెత్తుటకు వేగము గలవాడు కావలెను. బంతిని చేతితో ముందుకు విసరరాదు; వెనుకనున్న వానికే అందింపవలెను. కావున ముందున్నవాడు వెనుకవానిని నమ్మక తప్పదు. ఏ దేహమునకైనను చోటున్న ఆట ఇది. అట్టి ఆటను ఆడు క్లబ్బులో మాత్రము ఒక్క వర్గమునకే చోటుండెను.

ఈ దోషము కలకత్తాకే పరిమితము కాదు. ఉత్తర ఇంగ్లండులో గనులలోను, మిల్లులలోను పనిచేయువారు శనివారము ఆటకు పోయినచో ఆనాటి కూలి పోయెడిది. పోయిన కూలినైనను ఇప్పించుడని ఆ ప్రాంతపు క్లబ్బులు కోరగా, ఆటకు డబ్బు ముట్టరాదని సమాఖ్య నిరాకరించినది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డులో ఇరువదికి పైగా క్లబ్బులు విడిపోయి వేఱు సంఘము పెట్టుకొన్నవి. మూల సమాఖ్య శాఖలో ఆటగాండ్రు ధనము పుచ్చుకొనవచ్చునని ఒప్పుకొనుటకు 1995 వఱకు, అనగా నూఱేండ్లు, పట్టినది. అవైతనికత గొప్ప ఆదర్శమే. కాని కూలి పోయినను ఇల్లు గడచువాడే దానిని పాటింపగలడు. పేదవానికి తలుపు మూయుటకు ఆదర్శమును గడియగా వాడినచో అది ఆదర్శము కానేరదు.

అదే కలకత్తాలో అసలు ఫుట్‌బాల్ చరిత్ర వేఱు విధముగా నడచినది. దానిని బంగాళీ యువకులు తమ చేతులలోనికి తీసికొనిరి. 1889లో మోహన్ బగాన్ క్లబ్బును స్థాపించిరి. 1911 జూలై 29న ఆ క్లబ్బువారు, ఒక్కడు తప్ప అందఱును వట్టికాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలపు జట్టును 2–1గా ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలిచిరి. ఫుట్‌బాల్ చౌకయైన ఆట, నేల గట్టిదైనను దెబ్బలు తక్కువ, అది నిజమే. అయినను స్థానికుల ఆటగా మారుటయే దానికి ప్రాణమైనది.

రగ్బీ కలకత్తాలో 1884లో మరల మొదలైనది. 1965లో ఆ ఫుట్‌బాల్ క్లబ్బు, 1792 నాటి క్రికెట్ క్లబ్బుతో కలిసిపోయినది. కాని నిజమైన మార్పు 2004లో వచ్చినది. ఆ నగరమున దౌత్యోద్యోగిగా నుండిన పాల్ వాల్ష్ అను బ్రిటిషువాడు మైదానము పరిసరముల పేదపిల్లలను చేరదీసి జంగిల్ క్రోస్, అనగా అడవికాకులు, అను క్లబ్బు నెలకొల్పెను. అచట ఆట నేర్చిన పిల్లలు పెద్దవారై తామే ఇతరులకు నేర్పసాగిరి. 2013లో ఉత్తర బంగాళములోని సరస్వతీపూర్ తేయాకు తోటకు ఈ ఆట చేరినది. ఆకు కోయువారి బిడ్డలు, ముఖ్యముగా బాలికలు, బంతి పట్టిరి. కొందరు భారతజట్టు వఱకు ఎదిగిరి. 2019 జూన్‌లో మనీలాలో భారత మహిళలు సింగపూరును 21–19గా ఓడించి, పదునైదుగురి రగ్బీలో మన దేశపు స్త్రీలకు తొలి అంతర్జాతీయ విజయమును సాధించిరి. దొరల క్లబ్బునకు దొరకని మనుష్యులు ఎచటనో లేరు. ఆ మైదానములోను, ఆ తోటలోను ఉండిరి.

హైదరాబాదునకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగవ స్థానమునకు నడిపిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ నగరపు బడిపంతులు. 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెలిచిన జట్లకును ఆయనయే గురువు. ఆ వైభవమునకు నగరములోని చిన్న చిన్న జట్లు, ఆటస్థలములు పునాది.

లీగు వలదని నా అభిప్రాయము కాదు. ఆటతో జీవనము గడుపుకొను అవకాశము పేద ఆటగానికి ఎంతో అవసరము. 1895 నాటి కలహము నేర్పినది అదియే. కాని ఉట్టికెక్కలేనమ్మ స్వర్గమున కెక్కునా? ఆడుకొనుటకు ఖాళీస్థలమైనను లేని పాఠశాలలు మనకెన్నియో ఉన్నవి. లీగు ధనములో కొంత భాగము స్థానిక శిక్షకులకు, బడి మైదానములకు దిగివచ్చినప్పుడే నగరము పేరు ధరించుటకు జట్టునకు అర్హత కలుగును. 2016 నుండి ఒలింపిక్స్‌లో ఆడు రగ్బీకి పక్షమునకు ఏడుగురు, పదునాలుగు నిమిషముల కాలము చాలును. చిన్నపిల్లలకు పడద్రోయుట లేక, చేతితో తాకుటతో సరిపుచ్చు పద్ధతియు కలదు. తలకు దెబ్బ తగులు ప్రమాదమున్న ఆట గనుక, పెద్ద ఆటను శిక్షణ పొందినవారే నేర్పవలెను.

ఉపాధ్యాయులారా! ప్రతి బడిలోను రగ్బీయే ఆడవలెనని లేదు. ఏ ఆటయైనను సరే, సాయంకాలము గంట కొట్టిన పిమ్మట తలుపు ఎవరికి తెఱచియున్నదో చూడుడు. ఇంటిపని కొఱకు పరుగెత్తు బాలిక, చెప్పులు లేని బాలుడు, లావుగా నున్నాడని తోటివారు నవ్వు పిల్లవాడు, వీరికి ఆ జట్టులో చోటున్నదా? అట్లున్న చోట క్లబ్బు పేరును నిలుపుటకు రూపాయలు కరగింప నవసరము రాదు.