బూచాడూ అమ్మే అయితే?

అక్టోబర్ 31న వచ్చే హాలోవీన్ దగ్గర పడితే అమెరికాలో కొందరు తల్లిదండ్రులు పిల్లల మీద ఒక ఎత్తు వేస్తారు. పిల్లలు సాయంత్రమంతా ఇంటింటికీ తిరిగి సంచి నింపుకొచ్చిన చాక్లెట్లను రాత్రికి రాత్రే తామే తినేశామని మర్నాడు అబద్ధం చెప్పి, ఆ ఏడుపును వీడియో తీస్తారు. ఈ పని చేసి వీడియోలు పంపమని జిమ్మీ కిమెల్ 2011లో తన ఏబీసీ టీవీ కార్యక్రమంలో ప్రేక్షకులను కోరాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదొక ఆనవాయితీలా సాగింది. ముసుగు తగిలించుకుని తలుపు చాటునుంచి పసివాళ్ల మీదికి దూకడం కూడా ఈ కోవలోదే. ఎవరైనా తప్పుపడితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: ‘హాలోవీన్ అంటేనే అల్లరి, పిల్లలకు భయం సరదా, రెండు నిమిషాల్లో మరిచిపోతారు.’ ఈ మూడు మాటల్లో ఏదీ పరీక్షకు నిలవదు.

మొదటిది ఆచారం పేరు చెప్పే వాదన. హాలోవీన్ అల్లరి నిజంగా పాతదే. ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల నుంచి వలస వెళ్లినవారితో పాటు అది అమెరికా చేరింది. కాని అక్కడ అల్లరి చేసింది కుర్రకారు, పడింది పెద్దలు. పొరుగింటి గేటు ఊడబీకడం, పెరటి మరుగుదొడ్డిని పడదోయడం, బండిని కొట్టం పైకెక్కించడం వాళ్ల ఘనకార్యాలు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఈ అల్లరి విధ్వంసంగా మారేసరికి ఊళ్లు, సంఘాలు పిల్లలకు విందులు, మిఠాయిలు ఏర్పాటు చేసి శాంతింపజేశాయి. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అనే మాటలోనే ఆ బేరం ఉంది: మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా అని చిన్నవాడు పెద్దవాణ్ని నిలదీస్తాడు. ఏడాదికి ఒక్క రాత్రి బలహీనుడికి దక్కే చనువు అది. ఇప్పుడు మిఠాయి పిల్లలకిచ్చినట్టే ఇచ్చి, మర్నాడు లాక్కున్నామని చెప్పి, అల్లరి హక్కును కూడా పెద్దలే తీసేసుకున్నారు. దీన్ని ఆచారం కొనసాగడం అనలేం, ఆచారం తలకిందులైంది.

రెండోది, భయం సరదా అన్న వాదన. ఇందులో సగం నిజం ఉంది. డెన్మార్క్‌లోని ఒక దయ్యాల కొంపకు వెళ్లిన 110 మందిని గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, భయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆనందం తగ్గిందనీ, మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువగా ఉందనీ తేలింది. కాని వాళ్లంతా ఎక్కడికి వెళుతున్నారో తెలిసి వెళ్లినవాళ్లు. ఇది ఆట అన్న ఎరుకే అక్కడి సరదాకు పునాది. పసివాడికి ఆ ఎరుకను ఇచ్చేది తల్లిదండ్రుల ముఖమే. 1985లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో, అడుగున లోతు ఉన్నట్టు భ్రమ కలిగించే గాజుబల్ల అంచున ఏడాది పిల్లలను ఉంచారు. తల్లి నవ్వుతూ కనబడితే 19 మందిలో 14 మంది దాటారు. తల్లి ముఖంలో భయం కనబడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ప్రమాదమేదో, ఆటేదో బిడ్డ తూచుకునే తక్కెడ తల్లి ముఖం. ఇలాంటి చిలిపి పని నిలబడేదే ఆ తక్కెడలో దొంగతూకం వేయడం మీద.

మనకు మాత్రం బూచాడు లేడా అని తెలుగువాళ్లు అడగవచ్చు. ఉన్నాడు; అన్నం తినకపోతే వస్తాడని బెదిరించడం మెచ్చుకోదగ్గ పనేమీ కాదు. అయినా ఆ బూచాడు గుమ్మం బయటే ఉంటాడు. అతని పేరు చెప్పిన అమ్మే బిడ్డను ఒళ్లోకి లాక్కుంటుంది. ముసుగు వేసుకుని మీదికి దూకింది అమ్మే అయినప్పుడు బిడ్డ ఎవరి ఒళ్లోకి పరిగెత్తాలి? మన పెద్దలు వేళాకోళానికి కూడా వరస పెట్టారు. బావామరదళ్లు, వియ్యాలవారు ఒకరినొకరు ఆట పట్టించుకుంటారంటే, అది మాటకు మాట అప్పజెప్పగల జోడీ కాబట్టే. అందుకే భార్యాభర్తలు, ఎదిగిన అన్నదమ్ములు హాలోవీన్ రాత్రి ఒకరినొకరు ఉలిక్కిపడేలా చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. నాలుగేళ్లవాడు తండ్రికి ఏ బాకీ తిరిగి తీర్చగలడు?

ఇక మరిచిపోతారన్న మూడో మాట. చాక్లెట్ల దుఃఖాన్ని చాలామంది పిల్లలు మరిచిపోతారు, నిజమే. ‘ఫర్వాలేదులే’ అని తల్లిదండ్రులనే ఓదార్చిన పిల్లలూ ఆ వీడియోల్లో ఉన్నారు. కాని బిడ్డ మరిచినా వీడియో మరవదు. చూసేవాళ్లు పెరిగేకొద్దీ మోతాదు పెంచాలన్న ఆశ కూడా పెరుగుతుంది. మేరీల్యాండ్‌లో ఒక జంట ఇలాంటి వీడియోలతోనే పేరు తెచ్చుకుంది. 2017లో పిల్లల నిర్లక్ష్యం కేసులో కోర్టు వారికి ఐదేళ్ల ప్రొబేషన్ విధించింది. అది అతి, ప్రతి తల్లినీ తండ్రినీ ఆ గాటన కట్టకూడదు. అయినా మొదట్లో వాళ్లు చెప్పుకున్నదీ ‘సరదాకే’ అనే. ఆ మాట హద్దు గీయలేదని చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు.

హాలోవీన్ నుంచి అల్లరిని తీసేయమని ఎవరూ అనడం లేదు. దాన్ని అసలు హక్కుదారులకు తిరిగి అప్పగిస్తే చాలు. ఈసారి ముసుగు పిల్లవాడి చేతికిచ్చి, వాడు సోఫా వెనక నక్కిన సంగతి తెలిసీ తెలియనట్టు నటించి, ఉలిక్కిపడే వంతు నాన్న తీసుకోవచ్చు.